రాయి నిండా ఖాళీ

తడి పలకరాయి వాసన తగిలితే మార్కాపురం వీధుల్లో ఇవాళ్టికీ నా నడక నెమ్మదిస్తుంది. ఒకప్పుడు మా తాతగారి గనుల పలకలు లారీల్లో పోయేవి. చెక్క చట్రాల మీద మా ఇంటిపేరు అచ్చయ్యేది. నేను ఎదిగేసరికి గనులు పోయాయి, ఇంటిపేరు మిగిలింది. ప్రకాశం జిల్లా కొత్తగా ఏర్పడి, మేమింకా కర్నూలు వాళ్లమనే చెప్పుకుంటున్న రోజులవి. అప్పుడే భౌతికశాస్త్రం లెక్చరర్ ఖాసిం సారు నన్ను చేరదీశారు.

సారు ఆదివారం పొద్దున పలకల షెడ్డులో కూలీలకు అణువుల గురించి, నక్షత్రాల గురించి చెప్పేవారు. కుర్చీ వేసినా కూర్చునేవారు కాదు. ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది: జవాబు దొరకని ప్రశ్నను పలక మీద రాసి, కింద చెప్పలేనివాడి పేరు రాసి గోడకు తగిలించాలి. జవాబు తెచ్చిన రోజు తుడుచుకోవాలి. ఆ గోడ మీద ఎక్కువగా కనబడేది ఆయన పేరే.

ఒక ఆదివారం నన్ను మాట్లాడమన్నారు. పరమాణువులో చాలా భాగం ఖాళీయేనని గొప్పగా చెప్పాను. మా గనిలో రాయి చీలుస్తూ జుట్టు నెరిసిన ఓబులమ్మ లేచింది.

“రాయి నిండా ఖాళీయే అంటివి గదా చిన్నయ్యా, మరి నా చెయ్యి ఎందుకు దూరదు?”

“చెప్పినా నీకు అర్థం కాదులే,” అన్నాను.

“ఆమెకు అర్థం కాదా, నీకు తెలీదా? రెండిట్లో ఏదో చెప్పప్పా,” అన్నారు సారు.

మా తాత ఎదుట తల ఎత్తని మనుషులంతా నన్నే చూస్తున్నారు. తెలియదన్నాను. సుద్దముక్క అందుకుని పలక మీద ప్రశ్న, కింద ఒట్టి పేరు మాత్రం రాశాను.

“ఇంటిపేరు ఏమాయె? పెద్దింటికి సుద్ద గూడా కరువాయెనా?” అంది ఓబులమ్మ. షెడ్డంతా నవ్వింది. ఇంటిపేరూ రాశాను. పలక గోడకు తగిలించాను.

వారమంతా కాలేజీ లైబ్రరీలో కూర్చున్నాను. మరుసటి ఆదివారం చెప్పాను: “నీ చేతిలోని ఎలక్ట్రాన్లూ రాతిలోని ఎలక్ట్రాన్లూ ఒకదాన్నొకటి దగ్గరికి రానివ్వవు, ఓబులమ్మా.”

ఆమె పక్కనున్న పలక మీద అరచెయ్యి ఆనించి నొక్కింది. “నిజమే. ఉలి గూడా రాయిలోకి దూరదు. పొరల నడుమ సందు చూసుకొని పోతాది.”

“ఈ మాట నా పుస్తకాల్లో లేదమ్మా,” అన్నారు సారు.

నేను పేరు తుడుస్తుంటే ఓబులమ్మ మళ్లీ ఆపింది. “ఉండు చిన్నయ్యా. ఏమీ లేని ఆ ఖాళీలో ఏముంటాది మరి?”

సారు వైపు చూశాను. “నాకూ తెలీదు. పెద్ద పెద్దోళ్లే ఇంకా కొట్లాడుకుంటాండారు,” అని నవ్వారు. ఆయన చెయ్యి చాపకముందే సుద్ద నేను తీసుకున్నాను. ప్రశ్న రాసి, కింద ఇంటిపేరుతో సహా నా పేరు రాశాను, షెడ్డు చివరికి కనబడేంత పెద్దగా.

సారు పోయి చాలా ఏళ్లయింది. కంభంలో, గిద్దలూరులో జనం ముందు నిలబడి విశ్వం గురించి మాట్లాడేది ఇప్పుడు నేను. రానిది అడిగితే, తెలియదని నిటారుగా నిలబడే చెబుతాను. ఓబులమ్మ ప్రశ్న కింద నా పేరు ఇంకా తుడవలేదు.