మా రిపోర్టులో కూలిపోయిన ఇల్లు

ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే మా సెక్షన్ సీనియర్ నాకు పని మొత్తం ఒక్క ముక్కలో చెప్పేశాడు. "పోయిన నెలది తియ్యి, నెల పేరు మార్సు, పంపు. అంతే అప్పా." పట్టణ ప్రణాళిక విభాగమంటే ఊరికి రేపటి రూపు గీసే చోటనుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లినవాణ్ణి. ఆ మాటకు లోపల ఎక్కడో చివుక్కుమంది. ఇప్పుడు కొత్తగా వచ్చేవాళ్లకు అదే మాట నేనే చెబుతున్నాను, సిగ్గు లేకుండా.

ఏ ఊరి ఆఫీసో చెప్పను. ఆదోని, ఎమ్మిగనూరు రెండూ నాకు సొంతమే. ఒక ఊళ్లో ఇల్లు, ఇంకో ఊళ్లో కుర్చీ. పొద్దున మంత్రాలయం పోయేవాళ్ల సంచుల మధ్య బస్సులో నిలబడి వెళ్తాను, సాయంత్రం అదే బస్సులో అలాగే నిలబడి వస్తాను. మగ్గాలు రెండు ఊళ్లలోనూ ఉన్నాయి కాబట్టి, ఈ కథ ఎక్కడ జరిగిందన్నది మీకు నచ్చినట్టు అనుకోండి.

నెలకోసారి మేము రాష్ట్ర కార్యాలయానికి నివేదిక పంపాలి. ఎన్ని ప్లాన్లకు అనుమతి ఇచ్చాం, ఎవరికి నోటీసులిచ్చాం, మాస్టర్ ప్లాన్‌లో గీసిన రోడ్లు ఎంతవరకు వచ్చాయి, అన్నీ గడుల్లో నింపాలి. కాగితాల రోజుల్లో తెలియని గడిలో ఒక అడ్డగీత గీసి బతికిపోయేవాళ్లం. కంప్యూటరు వచ్చాక అడ్డగీత చెల్లదు. పని కాకపోతే గడి ఎర్రగా ఉంటుంది, అయితే పచ్చగా మారుతుంది. ఎర్రగా ఉన్న ఊళ్లను వీడియో కాన్ఫరెన్సులో పేరు పెట్టి లేపి నిలబెడతారు. మా పెద్దసారు ఒక్కొక్కసారి నిలబడి కూర్చునేసరికి చొక్కా వీపంతా తడిసిపోయేది. ఆయన కూర్చున్నాక ఆ తడి కోపమై మా మీదికి వచ్చేది.

ఆ ఎర్ర గడుల్లో ఒకటి ఒక నేతగాడి ఇల్లు. వీధి మలుపులో ఉండేది. వెడల్పు చేయాల్సిన రోడ్డుకు మిగతావాళ్లు అరుగులు, మెట్లు వదులుకుంటే సరిపోయింది, ఆ ఒక్క ఇల్లు మాత్రం మొత్తం పోవాలి. నోటీసులన్నీ అయిపోయాయి. దసరా మర్నాడు తొలగించాలని రోజు కూడా పెట్టుకున్నాం. మా బుద్ధికి దసరా అంటే సెలవుగానే గుర్తుంది. దేవరగట్టు గుర్తు లేదు. పండగ రాత్రి అక్కడి కొండ దగ్గర దేవుడి విగ్రహం కోసం ఊళ్లకు ఊళ్లు కర్రలతో కొట్టుకుంటాయి కాబట్టి చుట్టుపక్కల పోలీసులంతా అటే పోతారు. మా ఆఫీసు నుంచి కూడా సగం మందికి ఆ కొండ ఉన్న హొళగుంద వైపు డ్యూటీలు పడ్డాయి. పోలీసు లేనిదే జేసీబీవాడు ఇంటి మీదికి రానన్నాడు.

తొలగింపు ఆగింది కానీ నివేదిక పంపే తేదీ ఆగదు కదా. పెద్దసారు నా బల్ల దగ్గరికి వచ్చి, "ఎట్లాగూ వచ్చే వారం కొడతాం గదప్పా, పచ్చ చేసెయ్," అన్నాడు. చేసేశాను. తొలగించవలసిన కట్టడాలు ఒకటి, తొలగించినవి ఒకటి. వారం తిరిగేలోగా నిజమైపోయే అబద్ధం కదా అనుకున్నాను. ఆ సాయంత్రం బస్సులో సీటు కూడా దొరికింది, హాయిగా నిద్రపోయాను.

ఆ వారం రానే లేదు. రోడ్డు పని ఎందుకో పైనే ఆగిపోయింది. వీధి మొదట్లో పోసిన కంకర మీద పిల్లలు ఆడుకుని ఆడుకుని దాన్ని చెల్లాచెదురు చేశారు. పెద్దసారుకు బదిలీ అయింది. మలుపులో ఇల్లు అలాగే ఉంది, లోపల మగ్గం ఆడుతూనే ఉంది. మా నివేదికలో మాత్రం అది కూలిపోయింది. ఒకసారి పచ్చబడిన గడిని వెనక్కి తిప్పే దారి కంప్యూటరులో లేదు. నెలనెలా నేను పోయిన నెలది తీసి, నెల పేరు మార్చి, కింద 'పై వివరములు సరియైనవని ధ్రువీకరించడమైనది' అన్న చోట సంతకం పెట్టి పంపుతూ వచ్చాను. మొదట్లో కొన్నాళ్లు ఆ గడి దగ్గర ఆగి ఇంకోసారి చూసేవాణ్ణి. తర్వాత అదీ మానేశాను.

కొన్ని వానాకాలాలు గడిచాక ఆ ఇంటాయన మా ఆఫీసుకు వచ్చాడు. తల నెరిసిన మనిషి, వేళ్లకు రంగు మరకలు. మగ్గం ఉన్న గదికి వెనక గోడ పొట్ట వచ్చిందట. వాన పడితే నీళ్లు మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంతలోకి దిగుతున్నాయట. ఆ గోడ తీసి కొత్తది కట్టుకోవడానికి అనుమతి కావాలి. రోడ్డు పడే వీధి కాబట్టి అనుమతి లేకుండా ఇటుక మీద ఇటుక పెట్టకూడదని ఒకప్పుడు చెప్పింది మేమే. మాట మీద నిలబడే మనిషి, ఆ మాట మర్చిపోలేదు.

దరఖాస్తు కంప్యూటరులో పెట్టాను. తిరిగొచ్చింది. ఆ డోరు నంబరులో కట్టడం ఏదీ లేదట.

"లేదంటే ఎట్లప్పా? ఇప్పుడే ఆడ అన్నం తిని వచ్చినా గదా," అన్నాడాయన. నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. కంప్యూటరు తప్పు, సరిచేయిస్తాను, వచ్చే నెల రమ్మన్నాను. వచ్చే నెల వచ్చాడు. ఆ వచ్చే నెలా వచ్చాడు. ఒకసారి గోడకు వెదురు బొంగులు ఆనించి, వాటి కింద కూర్చుని నేస్తున్నానని చెప్పాడు. "నా మీద పడితే పడనీ. మా ఇంటామె కూడా ఆడనే నూలు కండెలు సుడుతాది, అదే భయం," అన్నాడు.

చివరికి ఉత్తరం రాశాను. 'సదరు కట్టడం తొలగించకుండానే తొలగించినట్లు ఈ కార్యాలయం నుంచి పొరపాటున నమోదు చేయడమైనది' అని స్పష్టంగానే రాశాను. కొత్త సారు దాన్ని రెండుసార్లు చదివి, ఆ వాక్యం మీద అడ్డంగా గీత కొట్టాడు. "మీరు చేసిన పొరపాటుకు నా సంతకమా? నేనప్పుడు ఈడ లేనే లేను," అన్నాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు. కొట్టేసిన చోట తన చేత్తో 'సదరు స్థలంలో ప్రస్తుతం ఒక కట్టడం ఉన్నట్లు గమనించడమైనది' అని రాసి, సంతకం పెట్టి పంపాడు. తప్పు ఒప్పుకోకుండానే పని జరిగిపోతుందేమోనని లోపల కాస్త తేలికపడ్డాను కూడా.

రాష్ట్ర కార్యాలయం నుంచి జవాబు అంత త్వరగా ఎప్పుడూ రాలేదు. సదరు కట్టడం ఇదివరకే తొలగించినట్లు రికార్డులలో ఉన్నందున, ఇప్పుడు అక్కడ ఉన్నదాన్ని అనుమతి లేని కొత్త కట్టడంగా పరిగణించి, నోటీసు ఇచ్చి, తొలగించి, నివేదించవలెను. ఆ ఇంటిని బతికించబోయి రెండోసారి కూల్చాను.

నోటీసు టైపు చేసింది నేను. తీసుకుపోయి ఇవ్వాల్సిందీ నేనే. వెళ్లేసరికి ఆయన మగ్గంలో ఉన్నాడు. నన్ను చూసి కాళ్లు గుంతలోంచి తీసుకుని, పైకొచ్చి, చాప వేశాడు. ఆయన భార్య చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. వెనక గోడకు ఆనించిన వెదురు బొంగులు చూశాను, వాటి మధ్య గోడ పగుళ్లలోంచి వెలుగు పడుతోంది.

"సన్న అక్షరాలు కండ్లకు ఆనవు. నువ్వే సదువప్పా," అన్నాడు.

పై నుంచి మొదలుపెట్టాను. ఆయన పేరు, తండ్రి పేరు, వార్డు, డోరు నంబరు, ఆ డోరు నంబరులో గల మట్టి మిద్దె ఇల్లు. అక్కడ ఆగాను. ఆయన మొహం విప్పారింది. "విన్నావా మే, మన ఇల్లు ఉండాదని రాసినారంట," అన్నాడు భార్యతో. ఆమె చెంబు కింద పెట్టి, చేతులు జోడించి గోడకు దండం పెట్టింది. నేను మిగతా సగం చదవలేదు. వీధి చివరికి వచ్చేదాకా వెనక్కి తిరిగి చూడలేదు, పిరికివాణ్ణి.

నాలుగు రోజులు ఆ వీధి తప్పించుకుని తిరిగాను. ఇంట్లో అన్నం పెడితే విసుక్కున్నాను, బస్సులో కండక్టరుతో ఊరికే గొడవ పెట్టుకున్నాను. ఐదో రోజు ఇక ఓర్వలేక, మిగతా సగం చదివి వినిపించాలని వెళ్లాను. ఆయన గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు, ఒళ్లో ఆ నోటీసు, ఒక తెల్ల కాగితం, పెన్ను.

"ఆ పొద్దు నేను మొత్తం సదవలేదన్నా," అన్నాను.

"తెలుసులేప్పా. నువ్వు పోతానే పక్క వీధిలో ఉండే మా కోడలు వచ్చి సదివింది." కోపం లేదు ఆ గొంతులో. కోప్పడి ఉంటే నాకు హాయిగా ఉండేది. "నీ మొగం సూసినప్పుడే అనుకొంటి, కింద ఇంగేదో ఉండాదని. ఉండనీలే, లేని ఇంటికైతే నోటీసు రాదు గదా. జవాబు రాసియ్యాలంట. నా సేతికి రాత తిరగదు. రాసిపెడతావా?"

మా ఊళ్లలో ఆఫీసులకు వచ్చే అర్జీలు సగం ఆఫీసువాళ్లే రాసిస్తారు, అది వింతేమీ కాదు. చాప మీద కూర్చుని రాశాను. ఆయన చెప్పిన మాటలు ఆయన చెప్పినట్టే రాశాను. నా ఇల్లు ఎన్నడూ తొలగించలేదు. నేనూ నా భార్యా ఒక్క రోజు కూడా ఈ ఇల్లు విడిచి ఉండలేదు. తొలగించినట్టు పైకి రాసినది అబద్ధం. అక్కడిదాకా వచ్చాక ఆయన ఆగి, నెమ్మదిగా అడిగాడు. "సాక్షి కావాలంటారేమో గదప్పా. వీధిలోవాళ్ల మాట ఎవరింటారు? ఆ పొద్దు పడగొట్టలేదని మీ ఆఫీసు మనిషి సెప్పితేనే నమ్ముతారు."

నా పేరు అడగలేదు ఆయన. నా వైపు కూడా చూడలేదు, వెదురు బొంగుల వైపు చూస్తూ కూర్చున్నాడు. నాకు పెన్షను గుర్తొచ్చింది, విచారణలు గుర్తొచ్చాయి, బదిలీ మీద వెళ్లిపోయిన పెద్దసారు నేనేమీ చెప్పలేదంటాడని గుర్తొచ్చింది. లోపల ఆమె కండె చుట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది, ఆ గోడ పక్కనే. కింద సాక్షిగా సంతకం పెట్టాను. పైకి పంపిన ప్రతి నెల నివేదిక కింద ఉన్నది ఆ సంతకమే.

జవాబు ఇవ్వడానికి గడువు సోమవారంతో తీరుతుంది. ఆయన దాన్ని తెచ్చి నా బల్ల మీదే పెడతాడు, ఇంకో బల్ల లేదు. తీసుకుని ముద్ర వేయాల్సింది నేను, అందిందని పైకి నివేదించాల్సింది నేను. ఈ నెలది మాత్రం మొదటి నుంచీ రాయాలి.