రూతు ఏరి కట్టించుకున్న కంప్యూటరు

రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టేవాళ్లకు కొదవ లేదు. కానీ కుడుతూ కుడుతూ కారు పందేల పిచ్చి పట్టించుకున్న ఆడమనిషి మాత్రం నాకు తెలిసి రూతు ఒక్కతే. ఆమె పనిచేసే యూనిట్ ఆఫీసులో ఎంబ్రాయిడరీ డిజైన్ల కోసం ఒక కంప్యూటరు కొన్నారు. అందులో ఎవడో పుణ్యాత్ముడు కారు పందెం ఆట వేసి పెట్టాడు. మధ్యాహ్నం అన్నాల వేళ మగవాళ్లు ఎగబడి ఆడుతుంటే రూతు వెనక నిలబడి చూసేది. ఒకరోజు ఇక ఉండబట్టలేక "ఒకసారి నన్నూ కూర్చోనీండప్పా" అంది. పెడల్ మీద కాలు, గుడ్డ మీద చేయి పెట్టి రోజంతా వంపులు తిప్పే మనిషికి కారు వంపులు ఒక లెక్కా! ఆ పూట అందరినీ ఓడించి, టిఫిన్ డబ్బా కడుక్కుని మళ్లీ మిషను దగ్గరికి వెళ్లిపోయింది.

అలా సరదాగానే సాగిపోయేది, దగ్గు రాకపోతే. జీన్సు గుడ్డ నుంచి లేచే నూగు ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఆ పని మానకపోతే ముందు ముందు కష్టమని డాక్టరు తెగేసి చెప్పాడు. రూతుకు వెనకా ముందూ ఉన్నది తల్లి తిప్పమ్మ ఒక్కతే. తల్లిని కూర్చోబెట్టి పోషించాలి, తను ఊపిరి పీల్చుకోవాలి. రెండూ జరిగే దారి ఆమెకు ఒక్కటే కనిపించింది. బస్టాండు పక్క సందులో గది అద్దెకు తీసుకుని, గంటకింత అని కంప్యూటరు ఆటలు ఆడించే షాపు పెట్టడం. కంప్యూటర్లో కారు పందేలు ఆడుకోవడానికి యూనిట్ల పిల్లగాళ్లు ఆదివారం పొద్దున్నే బస్సెక్కి బళ్లారి పోవడం ఆమె చూస్తూనే ఉంది మరి.

సూపర్‌వైజరు ప్రతాప్ మంచివాడు. రూతు వాళ్ల చర్చి మనిషే. "పోయి చూసుకోమ్మా. పెద్ద ఆర్డరు మొదలయ్యేదాకా నీ మిషను ఎవరికీ ఇయ్యను. కుదరకపోతే మళ్లీ వచ్చేయ్" అన్నాడు. అన్నది ప్రేమతోనే గానీ, ఆ మాట రూతు గుండెలో గుచ్చుకుంది. మళ్లీ ఆ నూగులోకి పోవడమంటే ఏమిటో ఆమెకు తెలుసు.

2005 ఎండాకాలంలో అనంతపురం వెళ్లి, టవర్ క్లాక్ దగ్గర కంప్యూటర్లు అమర్చి ఇచ్చే నారాయణప్ప షాపు మెట్లెక్కింది. ఆడమనిషి ఒంటరిగా వచ్చి "ఆటల కంప్యూటరు కట్టియ్యన్నా, ఒక్కో సామాను నేనే ఏరుకుంటా" అనేసరికి ఆయన కళ్లజోడు సర్దుకుని చూశాడు. నవ్వలేదు. స్టూలు వేసి కూర్చోబెట్టి, ఓపిగ్గా ఒక్కొక్కటీ చెప్పాడు. ప్రాసెసరు మధ్యరకం చాలన్నాడు, సరేనంది. ర్యాము ఎక్కువ వేయించుకోమన్నాడు, వేయించుకుంది. ఆటలకు ప్రాణం తెర మీద బొమ్మలు నడిపే గ్రాఫిక్స్ కార్డు, దాని దగ్గర పిసినారితనం వద్దన్నాడు, ఉన్నవాటిలో మంచిదే తీసింది. సామానంతా బిగించే క్యాబినెట్‌లలో ముందు వైపు నీలి దీపాలు వెలిగేది చూసి మనసు పారేసుకుంది. అక్కడిదాకా అంతా సవ్యంగానే నడిచింది.

చివర్లో నారాయణప్ప అన్నాడు: "ఈ క్యాబినెట్‌తో పాటు వచ్చే పవర్ సప్లయి వద్దమ్మా. కరెంటును లోపల అన్నిటికీ పంచిపెట్టేది అదే. కంపెనీది ఏసుకో."

ఆ 'కంపెనీ' అన్న మాటకే రూతు ఒంటికాలి మీద లేచింది. "కంపెనీ సంగతి నాకు చెప్తావా అన్నా? ఒకటే గుడ్డ, ఒకటే దారం. పొద్దున ఒక షావుకారు పేరు, సాయంత్రం ఇంకో షావుకారు పేరు, నా చేత్తో నేనే కుడతా. ప్యాంటు మారిందా? పేరు కోసం నేను దుడ్లు పెట్టను. ఉన్నదే ఉండనీ."

రాయదుర్గం మనిషి కాబట్టి ఆ మాట అంది. లేబుళ్లు కుట్టి కుట్టి, లేబుల్ అంటేనే నమ్మకం పోయిన చెయ్యి అది. నారాయణప్ప ఇంకోసారి చెప్పి చూశాడు. ఆమె ససేమిరా అంది. సరే నీ ఇష్టమమ్మా అని బిగించి ఇచ్చాడు.

షాపు తెరిచిన రోజు సందంతా పిల్లగాళ్లే. ఆట మొదలైంది, కార్లు దూసుకుపోయాయి, రూతు కడుపు నిండిపోయింది. పందెం మంచి పట్టులో ఉండగా తెర ఠక్కున నల్లబడి, కంప్యూటరు తనంతట తానే మళ్లీ మొదలైంది. కరెంటు డిమ్ముగా వస్తోందేమో అనుకున్నారు. మళ్లీ ఆడారు, మళ్లీ అంతే. ఫ్యాను ఆపి చూసింది, ప్లగ్గు మార్చింది, తిప్పమ్మ దిష్టి కూడా తీసింది, చర్చికి పోయే మనిషై ఉండి! ఊహూ, లాభం లేకపోయింది. "ఏం రూతక్కా, కారు బాగానే ఉండాది, పెట్రోలే అయిపోతాంది!" అని పిల్లగాళ్లు ఎగతాళి చేశారు. నాలుగు రోజులు పోయేసరికి ఎగతాళి చేయడానికి కూడా ఎవరూ రాలేదు.

శుక్రవారం ప్రతాప్ గుమ్మంలో నిలబడ్డాడు. "సోమవారం ఆర్డరు మొదలైతాంది రూతూ. నీకోసం మిషను అట్లే పెట్టినా. వస్తావా, వేరేవాళ్లకు ఇచ్చేదా?"

"ఆదివారం చర్చిలో చెప్తా అన్నా" అంది. అతను సందు మలుపు తిరగ్గానే ఫోన్ బూత్‌కు పోయి నారాయణప్పను కడిగిపారేసింది. "ఇట్ల మోసం చేస్తివి గదన్నా! నా నోట్లో మట్టి కొడితివి!"

ఆయన అన్నీ విన్నాడు. "ఊరికే పెట్టినప్పుడు ఆగిపోతాందా, ఆట ఆడేటప్పుడేనా?" అని అడిగాడు.

"ఆటలోనే."

"దాన్ని ముట్టుకోవద్దు. రేపు నేనే వస్తా" అన్నాడు.

అన్నట్టే మరుసటి రోజు కళ్యాణదుర్గం మీదుగా వచ్చే బస్సు దిగి, చేతిసంచితో వచ్చాడు. క్యాబినెట్ విప్పి పాత పవర్ సప్లయి బయటికి తీశాడు. సంచిలోంచి కొత్తది తీశాడు. 'నేను ఆ పొద్దే చెప్పలా?' అంటాడేమోనని రూతు పళ్లు బిగబట్టుకుని నిలబడింది. ఆయన ఏమీ అనకుండా రెండూ ఆమె రెండు చేతుల్లో పెట్టాడు.

"పేరు చూడొద్దు. చేత్తో చూడమ్మా."

చూసింది. పాతది ఖాళీ డబ్బాలా తేలిపోతోంది. కొత్తదాని బరువుకు మణికట్టు కిందికి దిగింది. గుడ్డ పట్టుకుని అది పల్చనో మందమో కళ్లు మూసుకుని చెప్పగలిగే మనిషి, ఇక ఎవరు ఏం చెప్పాలి?

"ఆట ఊపులో ఉన్నప్పుడు గ్రాఫిక్స్ కార్డుకు కరెంటు ఎక్కువ కావాల. ఈ తేలికది అంత ఇయ్యలేక చేతులెత్తేస్తాంది" అన్నాడాయన.

"తప్పు నాదే అన్నా. నిన్న నోరు పారేసుకుంటి" అంది రూతు.

"నాదీ ఉండాదిలేమ్మా. నువ్వు చేత్తో చూసే మనిషివి, నేను నోటితో చెప్తి. ఆ పొద్దే చేతికి ఇచ్చింటే అయిపోయేది."

తేడా దుడ్లు ఇస్తే తీసుకున్నాడు, వ్యాపారస్తుడు కదా. బస్సు చార్జీ మాత్రం ఎంత బతిమాలినా ముట్టలేదు. తమ ఇంట్లో తింటాడో తినడోనని తిప్పమ్మ మొహమాటపడుతూనే జొన్నరొట్టె, చెనక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి పెడితే, వాళ్ల వాకిట్లో కాదు, ఇంట్లో పీట మీద కూర్చుని తిని, ఇంకో రొట్టె అడిగి పెట్టించుకున్నాడు. ఆయన వెళ్లాక తిప్పమ్మ ఆ కంచం కడిగి, కొంగుతో తుడిచి దాచిపెట్టింది.

సాయంత్రం రూతు తలుపు దగ్గరికి వేసి ఒక్కతే ఆడింది. కార్లు గుద్దుకున్నాయి, మంటలు లేచాయి, దుమ్ము రేగింది. తెర ఆగలేదు. పందెం మొత్తం పూర్తయింది. గెలిచిందో ఓడిందో కూడా చూసుకోలేదు, కళ్లల్లో నీళ్లు అలా కమ్ముకొచ్చాయి.

ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల వేళ, రూతు లేచి నిలబడింది. రోగాలు తగ్గినవాళ్లు, బోరు బావిలో నీళ్లు పడినవాళ్లు సాక్ష్యం చెప్పడం అందరికీ అలవాటే. ఈమె మాత్రం, "దేవుడు నాకు మంచి పవర్ సప్లయి ఇచ్చినాడు, అందుకు వందనాలు" అంది.

పాస్టరు అయ్యగారు తికమకపడి, "అంటే ఏందమ్మా అది?" అన్నారు.

"కంప్యూటర్లో కరెంటు పంచే పెట్టె అయ్యగారూ. నా మొండితనంతో వద్దంటి. అమ్మినాయన నన్ను ఒక్క మాట అనకుండా బస్సెక్కి వచ్చి మార్చిపోయినాడు. మా అమ్మ చేతి రొట్టె తినిపోయినాడు. ఆయన మన చర్చికి రాడు. ఆయన్ను, ఆయన పిల్లాజెల్లను చల్లగా చూడమని అందరూ ప్రార్థన చేయండి." తర్వాత మగవాళ్లు కూర్చున్న వైపు తిరిగింది. "ప్రతాపన్నా, ఇన్నాళ్లు నాకోసం పెట్టినావు, నీ మేలు మరువను. రేపు నా మిషను వేరేవాళ్లకు ఇచ్చేయ్. నేనింక రాను."

అయ్యగారు నోరు తెరిచేలోపే, అందరికంటే ముందు ప్రతాప్ గట్టిగా "ఆమెన్" అన్నాడు.