వంటగది వెనక కూర్చోబెట్టిన పిల్ల

జూన్ నెల మిట్టమధ్యాహ్నం బత్తలపల్లి దాటాక అడ్డరోడ్డులో బస్సు దిగాను. ఎర్ర గరుసు నేల. వాన లేదు, గాలి కళ్లలో దుమ్ము కొడుతోంది. భుజాన పాత మిలిటరీ సంచి, అందులో రెండు జతల బట్టలు, పలకలు, సుద్దముక్కల పెట్టె. సైన్యంలో వైర్‌లెస్ నడిపే సిగ్నల్స్ విభాగంలో హవల్దారుగా రిటైరయ్యాక దొరికిన డ్యూటీ ఇది. ఇక్కడి బళ్లో చదువులో వెనకబడ్డ పిల్లలకు చదవడం, రాయడం నేర్పాలి. మీరు నవ్వొచ్చు. సరిహద్దులో ఉన్నన్నాళ్లూ నాకింత కడుపు మండలేదు.

హెడ్మాస్టరు మొదటి మాటే, "ఒట్టి మొద్దులప్పా. నువ్వేమి చేసినా రాదు" అని.

సుంకమ్మది ఎనిమిదో తరగతి. పాఠం గడగడా అప్పజెప్పింది. నేను పేజీ తిప్పినా అదే పాఠం అప్పజెప్పింది. పక్కవాళ్లు అరిచేది విని ఇన్నేళ్లూ నెట్టుకొచ్చింది. ఒక్క పంతులూ వేలు పెట్టి చదవమనలేదు, ఏం జీతాలో ఏమో!

వైర్‌లెస్‌లో గొంతు తెగిపోతుంటే మాటను ముక్కలుగా పంపుతాం. అవతలివాడు కూర్చుకుని 'అందింది' అంటాడు. నా మాట అయింది, ఇక నీ వంతు అనడానికి చివర 'ఓవర్' అంటాం. అదే మొదలుపెట్టాను. గోడకు ఈ పక్క నేను, ఆ పక్క సుంకమ్మ.

"చె... రు... వు. ఓవర్."

పలక మీద రాసుకుని, చదివి అరిచేది. "చెరువు! అందింది సార్, ఓవర్!"

తప్పు రాస్తే మళ్లీ పంపేవాణ్ణి. తిట్టలేదు. దసరా నాటికి ఏ పేజీ తీసినా చదివింది. నిదానమే, కానీ చదివింది.

ఆ ఏడు వేరుశనగ ఎండిపోయింది. వాళ్ల నాయన కుటుంబాన్నంతా బెంగళూరు కట్టడం పనికి తీసుకెళ్తానన్నాడు. బిడ్డను అవ్వ దగ్గర వదలమని బతిమాలాను.

"తనిఖీకొచ్చే ఆఫీసరు ముందర ఒక్కతే చదవనీ సార్, వదిలిపెడతా. బళ్లో అందరితో కలిసి నేనూ అరిచినా. నాకేమొచ్చె?"

తనిఖీ రోజు పొద్దున తొమ్మిదికి హెడ్మాస్టరు ఆర్డరేశాడు. "నీ పిల్లోల్లని వంటగది వెనక కూచోబెట్టు. ఆఫీసరు పోయేదాకా ఒక్కరూ కనపడగూడదు."

"సుంకమ్మ చదువుతాది సార్. వాళ్ల నాయన గేటు కాడే ఉండాడు."

"కూడబలుక్కోని చదివితే నా బడి పరువు పోతాది. నీ మిలిటరీ యాడన్నా పెట్టుకో."

పిల్లల్ని ఆయనే వంటగది వెనక్కి తోలించాడు. తనిఖీ అయ్యాక నేరుగా ఆఫీసరు జీపు దగ్గరికి పోయి, వెనకున్న పిల్లను చదివించి చూడమని చెప్పాను. ఆయన వాచీ చూసుకుని, "ఇంకా రెండు బళ్లున్నాయండీ" అని ఎక్కేశాడు.

నాయన లోపలికొచ్చాడు. "తరగతిలో నా బిడ్డే లేదు గదా సార్. నువ్వు గూడా అబద్ధమే చెప్తివి."

అప్పటికప్పుడు సుంకమ్మ చేత చదివించబోయాను. "నోటికొచ్చుంటాది లే" అని బిడ్డను లాక్కుపోయాడు.

ఆఫీసరుకు చెప్పినందుకు ఆ సాయంత్రమే నన్నూ ఇక రావద్దన్నారు. తెల్లారి ఆరింటికి అడ్డరోడ్డులో వాళ్లు మూటలతో, నేను నా సంచితో నిలబడ్డాం. ముందు వాళ్ల బస్సే వచ్చింది.

"యాడికప్పా ఈ బస్సు?" అని నాయన ఎవరినో అడుగుతున్నాడు.

సుంకమ్మ బోర్డు వైపు వేలెత్తింది. "బెం... గ... ళూ... రు."

నాయన బిడ్డ మొహంలోకి చూశాడు. మూట మాత్రం దించలేదు. కండక్టరు విజిలేశాడు, ఎక్కేశారు.

నేను అనంతపురంలో మా ఇంటికి చేరి చాలాకాలమైంది. కళ్లు మూస్తే అదే బస్సు కిటికీ. అందులోంచి సగం బయటికి వంగి ఆ పిల్ల అరుస్తూనే ఉంది.

"అందిందా సార్? ఓవర్!"

ఆ పొద్దున నేను నోరు తెరిచేసరికి రోడ్డు మీద దుమ్మే ఉంది.