రత్నమ్మక్క ఒంటికుర్చీ బండి

మొన్న పొద్దున వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటే వీధి మలుపు దగ్గర సన్నటి చప్పుడు వినిపించింది. ఇంజను చప్పుడు కాదు. రాట్నం వేగం అందుకున్నప్పుడు వచ్చే గుయ్యిమనే రాగం. నా చేతులు వాటంతటవే ఆగిపోయాయి. ఎదురింట్లో ఉండే బ్యాంకు ఉద్యోగిని కొత్తగా కొన్న బ్యాటరీ బండి అది. మూడు చక్రాలు, పైన చిన్న కప్పు, లోపల సరిగ్గా ఒక్క మనిషికి చోటు. వీధిలో వాళ్ళంతా మూగి దాన్ని నిమిరి చూస్తున్నారు. యాడ చేస్తారంట ఇట్లాంటివి అని ఎవరో అడిగితే ఆ అమ్మాయి ఏదో దూరదేశపు పట్టణం పేరు చెప్పింది. అందరూ ఓహో అన్నారు. నేనా, నోరు కట్టుకుని కూర్చునే మనిషిని కాను. "మా బత్తలపల్లె దారిలో రేకుల షెడ్డులో చేసినాం ఇట్లాంటివి, మీరు పుట్టకముందే" అన్నాను. "గమ్మునుండు పెద్దమ్మా" అని పక్కింటాయన నవ్వాడు. నవ్వనీ, ఆయన తప్పేముంది. రత్నమ్మక్కను ఆయన చూడలేదు. చూసి ఉంటే చేతులు కట్టుకుని నిలబడేవాడు.

రత్నమ్మక్క ధర్మవరం నేతగాళ్ళ ఇంటి ఆడపడుచు. పట్టుదారం కండెలకు చుడుతూ పెరిగింది. పంపు మోటార్లు బాగుచేసే ఆయనకిచ్చి బత్తలపల్లెకు పంపారు. ఆయనకు చేతులు వణికే జబ్బు పట్టుకుని పని మానుకున్నాక, షెడ్డు తాళం చెవి ఆమె తన కొంగున ముడి వేసుకుంది. ఎనభైలు మొదలైన రోజులవి. వాన మా వైపు మొహం చాటేసింది. బోర్లలో నీళ్ళు అడుగంటి, మోటార్లు ఉత్తగాలి పీల్చి కాలిపోయేవి. కాలిన మోటారులోంచి రాగితీగను పీకేసి కొత్త తీగ చుట్టాలి. చుట్టుపక్కల షెడ్లన్నిట్లో మగవాళ్ళే చేసే ఆ పనికి, ఆమె పట్టు చుట్టే ఆడవాళ్ళను పెట్టింది. రాట్నాలమీదే రాగితీగ చుట్టించేది. తీగ పైపూత ఎక్కడ గీసుకుపోయినా వేళ్ళకు తెలియాలని, కళ్ళు మూసుకుని తీగను జార్చమనేది. పనిలో మాట్లాడితే కసిరేది, పాడుకుంటే మాత్రం ఏమీ అనేది కాదు. మాట్లాడితే చెయ్యి ఆగిపోతుందని, పాడితే ఆగదని ఆమె లెక్క.

నేను ఆ షెడ్డుకు పని అడగడానికి వెళ్ళిన రోజు నాయన సైకిలు వెనక కూర్చుని వెళ్ళాను. చిన్నప్పుడే పోలియో వచ్చి నా ఎడమకాలు సన్నబడిపోయింది. చూసినవాళ్ళంతా చూడనట్టు నటించి తర్వాత ఓరకంట చూసేవారు. రత్నమ్మక్క నేరుగా కాలివైపే చూసింది.

"కాలికి ఏమైంది మే?"

"పోలియో అక్కా."

"నొప్పి ఉండాదా?"

"లేదక్కా."

"అట్లయితే దాని మాట వదిలెయ్. చేతులు చూపించు."

చిక్కుపడిన పట్టుదారపు ఉండ ఒకటి నా ఒళ్ళో పడేసి, తెగకుండా విప్పమని వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి విప్పాను. మరుసటి రోజు నుంచే పనిలో చేరాను. మా ఊరి నుంచి షెడ్డు మూడు మైళ్ళు, మా ఊరికి బస్సు లేదు. పొద్దున నాయన సైకిలు మీద దింపేవాడు, సాయంత్రం వచ్చి ఎక్కించుకునేవాడు.

ఆ ఏడు వేరుశనక్కాయ చేనిలో పెట్టిన విత్తనం కూడా తిరిగి రాలేదు. మా అమ్మ రెండోపూట పొయ్యి వెలిగించడం మానేసింది. ఊళ్ళో మగవాళ్ళు ఒక్కొక్కరే బెంగుళూరులో కట్టడాల పనికి పోతున్నారు. నాయన్ను కూడా మేస్త్రీ రమ్మన్నాడు. నాయన పోతే నన్ను దింపే దిక్కు లేదు, నేను పని మానుకుని ఇంట్లో కూర్చోవాలి. పోకపోతే నా ఒక్కదాని కూలితో తమ్ముళ్ళిద్దరి కడుపులు నిండవు. ఇద్దరమూ సంపాదిస్తే తప్ప ఆ ఎండాకాలం మా ఇల్లు గట్టెక్కేది కాదు. ఆ సంగతి చెప్పడానికి ఒక సాయంత్రం నాయన షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు.

"పాప ఇంగ పనికి రాదమ్మా. నేను బెంగుళూరు పోతాండా."

"ఎప్పుడు పోయేది?"

"ఉగాది అయినంక."

"అంతవరకు తెచ్చి దింపు. ఆ పైన ఆ పిల్లే వస్తాది."

"యాడొస్తాదమ్మా, మూడు మైళ్ళు నడిచే కాళ్ళా అవి?"

"నడిచి వస్తాదని నేను చెప్పినానా?"

నాయన నా మొహం చూశాడు. నేను ఆమె మొహం చూశాను. ఆమె మాత్రం మూలన పడి ఉన్న పాత లారీ డైనమోను చూస్తోంది.

మరుసటి రోజు మమ్మల్నందర్నీ పిలిచి, ఆ డైనమోను నేలమీద పెట్టించి, బ్యాటరీ నుంచి రెండు తీగలు తెచ్చి తగిలించింది. ఇన్నాళ్ళూ లారీ ఇంజను తిప్పితే కరెంటు పుట్టించిన ఆ ఇనుపముద్ద, ఇప్పుడు కరెంటు ఇస్తే గిర్రున తిరిగింది. పొగ లేదు, ఉరుము లేదు. సన్నగా గుయ్యిమంటూ, ఎవరో లోపల కూర్చుని తిప్పుతున్నట్టు తిరిగింది. మోటార్లు చుట్టి చుట్టి చేతులు కాయలు కాసిన దాన్నే, అయినా ఆ రోజు ఆ తిరుగుడు చూసి గుడిలో నిలబడినట్టు నిలబడిపోయాను. "పాతాళంలో నీళ్ళను పైకి లాగేది ఇదే గదా. ఈ రోంత పిల్లను లాగలేదా?" అంది రత్నమ్మక్క. తర్వాత నావైపు తిరిగి, "దీనికి కొత్త తీగ చుట్టేది నువ్వే. నిన్ను మోసేదాన్ని నువ్వే చుట్టుకో" అంది.

పాత రిక్షా చక్రాలు మూడు దొరికాయి. పక్క షెడ్డు వెల్డింగు ఆయన పైపులు అతికించాడు. మూతబడిన టెంటు సినిమా వాళ్ళ దగ్గర ఒక ఇనుపకుర్చీ తెచ్చి మధ్యలో బిగించింది. బ్రేకు చేతికి, స్విచ్చి చేతికి, కాళ్ళతో పనే లేదు. నా మోచేతి పొడవు, నడుము ఎత్తు రవికె కొలతలు తీసినట్టు దారంతో కొలిచి ముళ్ళు వేసుకుంది. ఇవన్నీ చూసిన నాయన మెల్లగా అడిగాడు.

"ఎనకాల ఇంకొకరు కూసునే మాదిరి రోంత చోటు పెట్టమ్మా. తోడుకు ఉంటాది."

"పెట్టను."

"యాల?"

"చోటు ఉంటే ఎవురో ఒకరు ఎక్కుతారు. ఎక్కినోడు నేను తోల్తా అంటాడు. ఈ పిల్ల మళ్ళా ఎనక్కే పోతాది."

నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. ఒక్కదాన్నే కూర్చునే కుర్చీ ఒకటి ఈ భూమ్మీద నాకోసం తయారవుతోందంటే నమ్మకం కుదరలేదు.

మా ఊరికీ షెడ్డుకూ మధ్య ఒక వంక ఉంది. ఏడాదిలో నాలుగు రోజులు పారితే గొప్ప. దానికి అడ్డంగా బండలు పరిచిన దారి, అది దాటగానే నిట్టనిలువు మిట్ట. మొదటిసారి తోలి చూసిన రోజు రత్నమ్మక్క బండి పక్కనే నడిచింది, నాయన వెనక వచ్చాడు. చదునులో బండి చక్కగా పోయింది. మిట్ట సగానికి వచ్చేసరికి గుయ్యిమనే రాగం మూలుగుగా మారి, కాలిన వార్నీషు వాసన గుప్పుమంది. చక్రాలు ఆగిపోయాయి. నాయన ఉరికి వచ్చి వెనక నుంచి తోయబోయాడు.

"చెయ్యి తియ్యప్పా" అని అరిచింది రత్నమ్మక్క.

"నా బిడ్డకు నేను తోసుకుంటే తప్పేముందమ్మా?"

"నువ్వు బెంగుళూరులో ఉన్నప్పుడు ఎవురు తోస్తారు?"

నాయన చేతులు దించేశాడు. బండిని వెనక్కి జార్చి, వంక దగ్గర ఎద్దులబండి మీదికి ఎక్కించి షెడ్డుకు తెచ్చాం. తప్పెక్కడో ఆమెకు అప్పటికే తెలిసిపోయింది. పంపు మోటారు అలవాటుతో చుట్టించింది. పంపు ఒకసారి తిరగడం మొదలుపెడితే ఒకే తీరుగా తిరుగుతుంది, దానికి దారిలో మిట్టలు రావు. లావు తీగ తీసుకుని, చుట్లు తగ్గించి, మొత్తం మళ్ళీ చుట్టమంది. వెనక చక్రానికి పెద్ద పళ్ళచక్రం వేయించింది. నేను చుట్టినంతసేపూ ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. ఉగాది మాత్రం దగ్గరికి వచ్చేస్తోంది.

ఇంతలో ఇంకో చిక్కు. బత్తలపల్లె వీధిలో తోలి చూస్తుండగా, ముందు రెండు బిందెలతో నడుస్తున్న ఆమెకు బండి చప్పుడు వినిపించలేదు. దగ్గరికి వచ్చాక చూసి అదిరిపడింది. రెండు బిందెలూ నేలపాలయ్యాయి. ఆ ఎండాకాలం మా వైపు బిందెడు నీళ్ళు ఒలకడమంటే తమాషా కాదు. జనం చుట్టూ చేరి మా ఏడు తరాలనూ తలుచుకున్నారు. రత్నమ్మక్క తన ఇంట్లోని నీళ్ళు తెప్పించి ఆమె బిందెలు నింపాక గానీ మమ్మల్ని కదలనివ్వలేదు. హారను పెట్టమని అందరూ సలహా ఇచ్చారు. "హారనుకు ఇచ్చే కరెంటు మిట్టకు కావాల" అంది ఆమె. అప్పుడు గొర్రెలు మేపే లింగప్ప, కరువుకు తన పెద్ద పొట్టేలును అమ్ముకుని, దాని మెడలో గంట మాత్రం ఇంట్లో దాచుకున్నవాడు, ఆ కంచుగంట తెచ్చి బండి ముందు తానే కట్టాడు. "దీనికి కరెంటు అవసరం లేదక్కా" అన్నాడు. అందరమూ మెచ్చుకున్నాం.

ఉగాది పోయిన రెండోనాడు, ముందురోజు మిట్ట దింపి తెచ్చుకున్న బండి మా ఇంటి ముందు ఉంది. కొత్తగా చుట్టాక దాన్ని మిట్ట ఎక్కించి చూసే వ్యవధి దొరకలేదు. ఆ సాయంత్రమే మేస్త్రీ లారీ వస్తుంది. నేను మిట్ట ఎక్కితే నాయన లారీ ఎక్కుతాడు. ఎక్కలేకపోతే ఇద్దరిలో ఒకరు ఇంట్లోనే. అమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. స్విచ్చి వేశాను. గంట మోగుతూ బండి కదిలింది. వంక దాకా నాయన వెనకే వచ్చాడు. బండలు దాటాను. మిట్ట మొదలైంది. రాగం లావైంది గానీ మూలుగు కాలేదు. సగం దాటాను. అప్పుడు వెనక నుంచి అడుగుల చప్పుడు వినిపించింది. దగ్గరికి వస్తోంది. నాకు కోపం నషాళానికి అంటింది. "నాయనా, తోస్తే నీ మీద ఒట్టే. చెయ్యి పెట్టొద్దు" అన్నాను తల తిప్పకుండా. జవాబు లేదు. అడుగులు ఆగలేదు. మిట్ట పైకి చేరి, బ్రేకు వేసి, తిట్టడానికి వెనక్కి తిరిగాను.

గొర్రెలు. మిట్ట నిండా గొర్రెలు. లింగప్ప మంద మొత్తం, తమ పొట్టేలు తిరిగి వచ్చిందనుకుని, ఆ గంట వెంట బారులు తీరి ఎక్కి వస్తోంది. పుట్టినప్పటి నుంచి ఆ మోత వెంట నడిచిన జీవాలవి. ఆ సంగతి కట్టినవాడికీ తోచలేదు, మెచ్చుకున్న మాకూ తోచలేదు. మంద వెనక లింగప్ప తలపాగా చేతపట్టుకుని బూతులు తిడుతూ పరుగెత్తుతున్నాడు. వాటన్నిటికీ అవతల, కింద వంకలో, బండలమీద నాయన నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ కిందికి వేలాడేసి, కదలకుండా, నోరు తెరుచుకుని పైకి చూస్తున్నాడు. నన్ను అంత దూరం నుంచి, అంత ఎత్తులో మా నాయన ఎప్పుడూ చూసి ఉండడు. నేనూ ఆయన్ను అంత చిన్నగా ఎప్పుడూ చూడలేదు. ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, ఏది ముందో తెలియలేదు.

తర్వాత ఆ షెడ్డు నుంచి అలాంటి బండ్లు ఇంకొన్ని బయటికి వెళ్ళాయి. శింగనమల వైపు పల్లెలో పాఠాలు చెప్పే ఒక పంతులుకు, మడకశిర నుంచి వచ్చిన కన్నడం మాట్లాడే టైలరుకు, ఇంకా కొందరికి. ఒకదానిలా ఒకటి ఉండేది కాదు. మనిషి కొలతతో పాటు దారి కొలత కూడా కావాలని, రత్నమ్మక్క బస్సెక్కి పోయి వాళ్ళు రోజూ వెళ్ళే దారి మొదటి నుంచి చివరి దాకా తానే నడిచి వచ్చేది. ఆ తర్వాతే తీగ లావు ఎంతో చెప్పేది. వాటికి పేరు లేదు, షెడ్డు మీద బోర్డు లేదు. ఆమె పోయింది, షెడ్డూ పోయింది. దేశంలో ఎక్కడెక్కడో పెద్ద పెద్ద కార్ఖానాల్లో ఇప్పుడు అలాంటి బండ్లు చేస్తున్నారంటే, ఊరూరి మిట్టలు ఎక్కి చూసి వచ్చిన రత్నమ్మక్క మొహం ఒక్కటే నాకు గుర్తొస్తుంది, చెమటతో, చెప్పులు చేతపట్టుకుని.

ఆ పొద్దు సంగతి ఇంకొంచెం మిగిలి ఉంది. గొర్రెలను విడిపించుకుని, గంట విప్పి లింగప్పకు ఇచ్చేసి, షెడ్డుకు చేరేసరికి పొద్దెక్కింది. రత్నమ్మక్క ఎదురొచ్చి మెచ్చుకుంటుందని, కనీసం భుజం తడుతుందని గుమ్మంలోనే ఆగాను. ఆమె రాట్నం ముందు నుంచి లేవలేదు.

"ఎవురన్నా తోసినారా?"

"లేదక్కా."

"అట్లయితే ఆలస్యం యాలయింది? అందరూ వచ్చి రోంతసేపయింది. రేపటి నుంచి ఇట్లయితే కుదరదు. పో, పనిలో కూసో."

నా చుట్టూ ఉన్నవాళ్ళు బిత్తరపోయారు. మొదటిరోజే పాపం ఆ పిల్లను అంతమాట అనాలా అని ఒకామె గొణిగింది. నాకు మాత్రం అది తిట్టులా తగల్లేదు. అంతవరకు నాకు ఆలస్యమైతే తిట్లు నాయనకు పడేవి. బళ్ళోనూ, ఆసుపత్రిలోనూ, ఈ షెడ్డులోనూ అంతే. నాకు దక్కేది అయ్యో పాపం ఒక్కటే. నా రాకకు నేనే పూచీ అని, నా ఆలస్యం నాదే అని ఎదురుగా నిలబెట్టి అడిగిన మొదటి మనిషి ఆమె. ఆ సాయంత్రం నాయన నిశ్చింతగా లారీ ఎక్కాడు.

ఇప్పుడు నాకు కర్రలేనిదే అడుగు పడదు. బయటికి పోవాలంటే పిల్లలు వద్దంటారు, మేం చేసుకొస్తాంలే అంటారు, ప్రేమగానే అంటారు. సరేలే అని కుర్చీలో వెనక్కి వాలబోతాను. అంతలో లోపలి నుంచి ఒక గొంతు కసురుతుంది, ఆలస్యం యాలయింది మే అని. కర్ర అందుకుని లేస్తాను.