తోడికోడండ్లు కొండల దిక్కు పోయిండ్రు

గూఢచారిగా పట్టుబడాలంటే కాస్తయినా తెలివి ఉండాలనుకుంటారు మీరు. అక్కర్లేదండీ! ఒక నోటుబుక్కు, ఒక పెన్సిలు, మాట్లాడే మనిషి లేకపోవడం, ఈ మూడూ ఉంటే చాలు. డెబ్బైలలో ఒమన్ దేశపు సలాలా ఊళ్లో నేను ఆ ఘనత సాధించాను.

మాది జగిత్యాల పక్క పల్లె. సలాలాలో నాది తాపీ పని. రూమ్‌లో ఆరుగురం, నేను తప్ప అందరూ మలయాళీలే. మంచివాళ్లే, కానీ ఏడు నెలలుగా నా తెలుగు నోట్లోనే పులిసిపోయింది. సైట్‌లో ఇటుకలతో మాట్లాడేవాణ్ని. అవీ జవాబిచ్చేవి కావు.

కొండల్లో సుల్తాను సైన్యానికీ తిరుగుబాటుదార్లకూ యుద్ధం నడుస్తున్న రోజులు. ఊరి పక్కనుంచే సైన్యం విమానాలు లేచేవి. ఏమీ తోచనమ్మ తోడికోడలి పుట్టింటికి వెళ్లిందట. నేను శుక్రవారం శుక్రవారం రొట్టె మూట కట్టుకొని విమానాల కంచె దగ్గరకు వెళ్లేవాణ్ని. వాటితో వరసలు కలిపాను. బొజ్జేసుకొని సామాన్లు మోసేది పెద్దబాపు. ఊపిరి తీసుకోకుండా దడదడలాడే హెలికాప్టరు మా అత్త. రెక్కా రెక్కా రాసుకుంటూ ఎగిరే చిన్నవి రెండూ తోడికోడళ్లు. ఎవరెప్పుడు వెళ్లారో, ఎప్పుడొచ్చారో టైముతో సహా రాసిపెట్టాను. యుద్ధం జరిగే చోట! మీరు నవ్వండి, నేనప్పుడు నవ్వలేదు.

ఒక శుక్రవారం భుజం మీద చెయ్యి పడింది. బలూచీ జవాను. తీసుకెళ్లి హిందీ వచ్చిన ఆఫీసరు ముందు నిలబెట్టాడు.

"యే క్యా లిఖా హై?"

"తెలుగు, సాబ్."

"తెలుగు? కోడ్ హై?"

"నై సాబ్, మా కీ జుబాన్."

ఆయన పుస్తకాన్ని అడ్డంగా చూశాడు, తలకిందులుగా చూశాడు. గుండ్రటి అక్షరాలన్నీ ఆయనకు బాంబుల్లా కనిపించాయేమో, మొహం ఎర్రబడింది. చదివేవాళ్లను పిలిపిస్తాననీ, అబద్ధమని తేలితే జైలేననీ అన్నాడు. లోపల పడితే ఫలానావాడు పడ్డాడని మా ఊరికి చెప్పే దిక్కు కూడా లేదు.

గంటకు జీపులోంచి ఒక నర్సమ్మ దిగింది. భీమవరం వైపు క్రైస్తవులట. నోటుబుక్కు తెరిచి గట్టిగా చదివింది.

"తోడికోడండ్లు పొద్దుగాల ఏడింటికి కొండల దిక్కు పోయిండ్రు. పదింటికి ఒక్కతే వచ్చింది. రెండోది ఏమాయెనో. బువ్వ తినబుద్ధి గాలె. రెండింటికి అది గూడ వచ్చింది. నా పానం కుదుటవడ్డది."

నేను బోరుమన్నాను.

"రో రహా హై!" ఆఫీసరు బల్ల చరిచాడు. ఏడ్చాడంటే నేరం ఒప్పుకున్నట్టే ఆయన లెక్క.

"ఏడుస్తావేంటయ్యా బాబూ, కేసు మీదకొస్తుంది!" నర్సమ్మ కంగారుపడింది.

"అక్కా, మన మాట ఇనక ఏడు నెలలాయె. ఇంకొక్క పేజీ సదువు, నీ కాళ్లు మొక్కుత!"

ఆమె కళ్లద్దాలు తుడుచుకొని చదివింది. "పెద్దబాపు దిగిండు. తిన్నడో లేదో."

తరవాత హిందీలో ఆఫీసరుకు విడమరిచి చెప్పింది. ఆయన నోటుబుక్కు మూసి సొరుగులో పడేశాడు. "పాగల్ హై. లే జావ్," అన్నాడు చివరికి. నోటుబుక్కు మాత్రం తిరిగివ్వలేదు.

జీపులో అక్క అడిగింది. "ఎక్కడుంటున్నావు తమ్ముడూ?"

"ఆస్పత్రి ఎనుక గోడ పక్కపొంటి, రేకుల రూమ్‌ల."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఓరి నీ అసాధ్యం కూలా! ఆ గోడకి ఇవతల మా క్వార్టర్స్‌లో నలుగురం తెలుగోళ్లం, రోజూ సాయంత్రం గొంతులు చించుకుని పోట్లాడుకుంటాం కదయ్యా! వినపళ్లేదా?"

వినపడలేదు. డ్యూటీ నుంచి రాగానే రేకుల మీదికెక్కి, చెవులూ కళ్లూ రెండూ పైకే పెట్టుకొని కూర్చునేవాణ్ని మరి. చంకలో అక్కను పెట్టుకొని ఆకాశమంతా వెతికాను.

మమ్మల్ని దింపడానికొచ్చిన జవాను తుపాకీ సాక్షిగా ఆ జీపులోనే ఒట్టేసుకున్నాను. ఈ జన్మలో ఏ దేశం వెళ్లినా విమానాలతో వరసలు కలపను, ముందు గోడ అవతలికి తొంగిచూస్తాను. అది నర్సుల క్వార్టర్స్ గోడ అయితే మళ్లీ ఇదే ఆఫీసరు ముందు నిలబడాల్సి వస్తుందని అక్క చెప్పింది కాబట్టి, తలుపు కొడతాను.