సుభాన్ మాస్టర్ వెబ్‌సైట్లో హనుమంతమ్మ

హిందూపురంలో పెళ్ళి అంటే షామియానా నాది, పొయ్యి సుభాన్‌ది. ఇద్దరికీ ఇంచుమించు ఒకే వయసు, ఒకే మొండితనం. తేడా ఏమంటే, నా గుడ్డకు చిరుగు పడితే ఊరందరికీ కనిపిస్తుంది. సుభాన్ చిరుగు మాత్రం రెండేళ్ళుగా నాకూ హనుమంతమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు.

రెండేళ్ళ కిందట సుభాన్‌కు వచ్చిన జ్వరం తగ్గింది గానీ, పోతూ పోతూ అతని రుచినీ వాసననూ వెంటబెట్టుకుపోయింది. కొందరికి తిరిగి వస్తుందన్నారు డాక్టర్లు. ఇతనికి రాలేదు. వంట మాస్టర్‌కు రుచి తెలియదని బయటపడితే ఇంకెవరు పిలుస్తారు? అందుకే నాకు తప్ప ఇంట్లో కూడా చెప్పలేదు. ఉల్లిగడ్డలు తరిగే హనుమంతమ్మ మాత్రం కనిపెట్టింది. ఒకనాడు పప్పులో ఉప్పు రెండుసార్లు పడితే, ఏమీ అనకుండా ఇంకింత పప్పు ఉడికించి కలిపేసింది. అప్పటి నుంచి ప్రతి గిన్నె దగ్గరా అరచేతిలో రెండు చుక్కలు వేసుకుని చూసేది ఆమే. ఆమె సరేనంటేనే గిన్నె దిగుతుంది.

సుభాన్ కూతురు రిహానాకు పెనుకొండలో కంప్యూటర్ ఉద్యోగం. "కార్డులిస్తే పారేస్తారు నాయనా, వెబ్‌సైట్ ఉంటే వెతుక్కుంటా వస్తారు" అని తండ్రి పేరున ఒకటి తయారు చేసింది. ముందు స్లైడ్లు పెట్టింది. వేలితో జరిపితే బిర్యానీ, మళ్ళీ జరిపితే వంకాయ కూర, ఆ తర్వాత ఒబ్బట్లు. బాగానే ఉన్నాయి, అంతటితో ఊరుకోవచ్చు కదా! "ఫోటోలు ఎవురైనా యాడనుంచైనా తెచ్చి పెట్టుకుంటారు. వండేటప్పుడు వీడియో ఉంటేనే నమ్మేది" అంది. మేము పెనుకొండలో ఒక పెళ్ళికి పోయినప్పుడు వచ్చి, ఫోనుతో తీసి, సాయంత్రానికల్లా సైట్లో ఎక్కించేసింది.

నా షాపులో కూర్చుని ఇద్దరం చూశాం. సుభాన్ టీ తాగుతూ వస్తాడు, నిప్పులు సర్దుతాడు, గరిటె తిప్పుతాడు. ప్రతి గిన్నె దగ్గరా హనుమంతమ్మ అరచెయ్యి నాకి చూస్తుంది. సుభాన్ గిన్నె వంక చూడడు, పరీక్ష రాసిన పిల్లాడిలా ఆమె మొహం వంకే చూస్తాడు. ఒకచోట ఆమె తల అడ్డంగా ఊపింది. ఇతను మారుమాట లేకుండా మూత తీసి మళ్ళీ ఉప్పు వేశాడు.

"అయిపాయ మల్లికార్జునా, నా బతుకు" అన్నాడు నాతో.

తీసెయ్యమనాలంటే కూతురికి కారణం చెప్పాలి. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు. నాకు రిహానా మీద కోపం వచ్చింది, ఆ పిల్ల తప్పేమీ లేదని తెలిసి కూడా.

వారం తిరక్కముందే ధర్మవరం నుంచి నాగమణి అనే ఆమె ఫోన్ చేసింది. కొడుకు రిసెప్షన్‌కు వంట కావాలట. వీడియో చూసిందట. "రుచి చూస్తాందే, ఆయమ్మను గూడా పిలిపించండి. వచ్చి మాట్లాడతా" అంది. సుభాన్‌కు ఆ రోజు నుంచి అన్నం సహించలేదు. ఎలాగూ రుచిలేని అన్నమే అనుకోండి.

ఆదివారం నాగమణి నా షాపుకే వచ్చింది. సెలవు కాబట్టి రిహానా కూడా తండ్రికి తానే వండి క్యారియర్ తెచ్చి అక్కడే కూర్చుంది. హనుమంతమ్మ గడప దగ్గర నిలబడింది.

"మాస్టరూ, వీడియో అంతా చూసినా. మీరు ఒక్కసారైనా నాలిక మీద ఏసుకోలేదు. ఏంటికట్ల?" అంది నాగమణి.

సుభాన్ నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. స్నేహితుడన్నాక ఆదుకోవాలి కదా, నేను అడ్డం పడ్డాను.

"ఆ పొద్దు రోజా ఉండె అమ్మా. ఉపాసంలో ఎట్ల రుచి చూస్తాడు?"

"మరి చేతిలో టీ గ్లాసు ఉండాది గదప్పా?"

నా తెలివి అంతటిది. హనుమంతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

సుభాన్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "అబద్ధాలు వద్దులేమ్మా. నాకు రుచి తెలీదు, వాసనా తెలీదు. జ్వరమొచ్చి పోయినప్పటి నుంచీ ఇంతే. కొలతలు నా చేతికి తెలుసు, ఉప్పూ పులుపూ హనుమంతమ్మ చెప్తాది. ఇష్టమైతే పిలవండి, లేకుంటే లేదు."

రిహానా లేచి నిలబడింది.

"ఇదా సంగతి!" అంది నాగమణి. "మా పెద్దోని పెండ్లిలో చారులో ఉప్పు ఎక్కువైందని చెప్తే, నాకే నేర్పుతావా అని వంటాయన గరిటె ఇసిరేసి పాయ. ఆయమ్మ తల అడ్డం ఊపితే మీరు మూత తీసినారు గదా, అది చూసే నేనొచ్చింది. ఇద్దరూ రాండి. ఆయమ్మ రాకుంటే మాత్రం వద్దు."

ఆమె పోయాక సుభాన్ ఊపిరి వదిలిన తీరు చూస్తే, రెండేళ్ళుగా బిగబట్టినట్టే ఉంది. నాకూ ప్రాణం తేలికైంది. ఇకమీదట అతని కోసం అబద్ధాలాడే పని లేదు, అవి నాకు చేతకావు కూడా. రిహానా కళ్ళు తుడుచుకుని, గడప దగ్గరున్న హనుమంతమ్మను ఫోటో తీసింది. ఇప్పుడు స్లైడ్లలో మొదటిది అదే. కింద పేరు కూడా ఉంది.

ఫోటో తీసిన చెయ్యి కిందికి దించబోతూ ఆ పిల్ల ఆగిపోయింది.

"నాయనా, ముందంతా నా వంటకు వంకలు పెడతాంటివి. రెండేండ్ల నుంచి బాగుండాది, బాగుండాది అంటాండావే?"

సుభాన్ తల వంచుకున్నాడు. "నువ్వు పెడతాంటే బాగుండె తల్లీ."

రిహానా క్యారియర్ విప్పి, కాస్త కూర హనుమంతమ్మ అరచేతిలో వేసింది. ఆమె చప్పరించి చూసింది. సుభాన్ అలవాటుగా ఆమె మొహం వంకే చూస్తున్నాడు.

హనుమంతమ్మ తల అడ్డంగా ఊపింది.