వ్యానుకి పెట్టిన బొట్టు

మొన్న జాతర తీర్థంలో ఆడవాళ్లు మా గాజుల కంటే నన్నే ఎక్కువ చూసేరు. ఎందుకో చెప్తాను. నవ్వితే మాత్రం మధ్యలో ఆపేస్తాను.

యుద్ధం అయ్యాక మిలటరీవాళ్లు వదిలించుకున్న పాత వ్యాను ఒకటి మా ఆయన కొన్నాడు కదా. లోపల రెండు బల్లలు, ఓ పొయ్యి, అడ్డంగా తెర. తీర్థాలకెళ్తే మా కాపరం అందులోనే. నాకు ఆ తెరంటే ప్రాణం. గాజుల గంప నెత్తినెట్టుకుని వీధి వీధీ కేకేసే బాధ తప్పింది.

చీడికాడ దగ్గర తీర్థంలో ముందొచ్చి చాప పరిచినవాడిదే గుడి ముందు చోటు. నిరుడు ఆలస్యమై పకోడీల పొయ్యి వెనక పడ్డాం. ఆ పొగకి ఒక్కరూ రాలేదు. "ఈసారీ ఏపారం అవకపోతే వ్యాను అమ్మేత్తాను. మళ్లీ గంపే నీకు" అన్నాడాయన.

బయల్దేరింది శుక్రవారం. పొద్దున్నే తలంటుకుని వ్యాను గుమ్మానికి పసుపు రాసేను, పొయ్యికి బొట్టు పెట్టేను. కాపరం ఉండే చోటు కదా మరి. ఆయన బానెట్టు తెరిచి, నీళ్లు పోసి, కాఫీకి వెళ్లేడు. లోపల నాలుగు తెల్లటి పింగాణీ బుడిపెలు, వరసగా కూర్చున్న అమ్మవార్లలా ఉన్నాయి. గుమ్మానికి పెట్టి వీటికి మానేస్తే బాగుంటుందా? పసుపు జారుగా కలిపి నిండా పూసి, కుంకుమ పెట్టేను.

ఆయనొచ్చి చూసి కళ్లకద్దుకున్నాడు. "మంచి పని సేసేవు" అన్నాడు. స్టార్టు చెయ్యడానికి ముందున్న హ్యాండిలు తిప్పేడు. వ్యాను దగ్గింది, ఊరుకుంది. మళ్లీ తిప్పేడు. దగ్గనైనా లేదు. పెట్రోలు చూసేడు, ఉంది. బ్యాటరీ తీగలు గీకి బిగించేడు. ఆ బుడిపెల్నే ప్లగ్గులంటారట, వాటి దగ్గరికొచ్చేసరికి బొట్టు చెదరకుండా పక్కపక్కనే తుడిచేడు. ఎండెక్కుతోంది. నేను తెర వెనక కూర్చుని గాజుల పెట్టెల తాళ్లు విప్పుతాను, మళ్లీ కడతాను.

ఇంతలో మా పోటీదారు అప్పన్న ఎడ్లబండి వచ్చింది. "ఏటి బావా, కదల్లేదా? మా ఎడ్లకి ఈ గొడవలేవీ లేవు. నీ చోట్లో నా చాప ఏసుకుంటాలే" అని సాగిపోయేడు.

ఆయన పరుగున వెళ్లి మోటార్లు బాగుచేసే ఖాదరు మేస్త్రిని తీసుకొచ్చేడు. మేస్త్రి లోపలికి తొంగి చూసి చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"బాబూ, పసుపు తడిగా ఉంది. కరెంటు ప్లగ్గులోకెళ్లకుండా తడి మీంచి జారిపోతంది. ఇవి తుడిత్తే సాలు."

"శుక్రవారం పూట, ముత్తయిదువు పెట్టిన బొట్టు నేను తుడవడమేటి మేస్త్రీ? నువ్వే తుడు."

"నేనా? రేపు బండి ఏ గోతిలో పడినా సాయిబు బొట్టు సెరిపేడంతారు. పెట్టిన సెయ్యితోనే తియ్యించండి."

అప్పటికి వీధిలో మగాళ్లంతా అక్కడే ఉన్నారు. "ఓలే, దిగు" అన్నాడాయన. నేను కదల్లేదు. "దిగుతావా, గంప ఎత్తుతావా?"

దిగేను. కొంగు ముక్కుదాకా లాక్కుని, ఒక్కో బొట్టూ వేలితో తీసి బానెట్టు మీద పెట్టేను. తుడిపేసినట్టు కాదు, చోటు మార్చినట్టు. తర్వాత పొడిగుడ్డతో అద్దేను. ఆయన హ్యాండిలు సగం తిప్పేడో లేదో వ్యాను గుర్రుమంది. వీధి వీధంతా నవ్వింది.

తీర్థానికి చేరేసరికి మాకు మిగిలింది చివరి చోటే, చింతచెట్టు అవతల. ఇక గంపే అనుకున్నాను. కానీ మా వెనకే తీర్థానికొచ్చిన మా వీధివాళ్లు ఊరంతా చెప్పేసేరు కాబోలు, ఆడవాళ్లు గుంపులుగా రావడం మొదలెట్టేరు. బానెట్టు మీద బొట్లు చూస్తారు, నవ్వుకుంటారు, ఊరికే పోలేక గాజులు వేయించుకుంటారు. సాయంత్రానికి పెట్టెలు ఖాళీ. వ్యాను మాకే దక్కింది.

నేను తల ఎత్తితే ఒట్టు. చేతులే చూస్తూ గాజులు ఎక్కించేను. ఒకావిడ వంగి అడిగింది, "ప్లగ్గులకి పసుపు రాసిందట, ఆవిడెవరమ్మా?"

"మా తోటికోడలండి. ఇయ్యాల రాలేదు" అన్నాను.

ఆవిడ తన చెయ్యి పట్టుకున్న నా పసుపు వదలని వేళ్లకేసి చూసి, "ఆవిడకి నా దణ్ణాలు సెప్పు" అంది.